క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా అన్నయ్య ఊళ్లో: ట్రైలర్ ఎక్కడ ఆపాలి, మేము ఎక్కడ పడుకోవాలి?

బాటసారి_శైలు
మేము ముగ్గురం, ఒక కుక్క. ఇల్లు అమ్మేసి ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే 32 అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌లోనే కాపురం పెట్టాం. చలికాలం కాబట్టి ఇప్పుడు అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా ఎడారిలో ఉన్నాం. అన్నయ్యవాళ్లది డాలస్ పక్కన ఫ్రిస్కో. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చి ఈ ఆర్నెల్లూ అక్కడే ఉంటున్నారు. క్రిస్మస్ సెలవులకు వెళ్లి సంక్రాంతి పండుగ చేసుకుని తిరిగి రావాలని మా ఆలోచన.

రాత్రిళ్లు మా ట్రైలర్‌లోనే పడుకుంటామని చెప్పాను. అక్కడ మొదలైంది. "తోడబుట్టినవాడి ఇంట్లో గదులు ఖాళీగా ఉంటే ఆడపిల్ల వీధిలో బండిలో పడుకుంటుందా, చూసినవాళ్లు ఏమనుకుంటారు" అని అమ్మ ఫోను పెట్టేసింది. వదిన ఒక్క మాట అనలేదు. మేడ మీది గదిలో కొత్త దుప్పటి పరిచి, పాప కోసం చిన్న దిండు కూడా పెట్టి, ఫోటో పంపింది. అది చూశాక మరీ ఇబ్బందిగా ఉంది.

మా కారణాలు మాకున్నాయి. పాప తన మంచం మీద తప్ప నిద్రపోదు. అన్నయ్య కొడుక్కి కుక్క వెంట్రుకలు పడవు. మావారికి తెల్లవారుజామున ఆఫీసు కాల్స్. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది మా ఇల్లు. ఇల్లు వెంట తెచ్చుకుని మరొకరి గదిలో ఎందుకు పడుకోవాలి?

వాకిట్లో ఆపవచ్చా, డాలస్ చలికి ఏం చేయాలి, అమ్మకు ఎలా చెప్పాలి. మూడూ కావాలి.

ఫ్రిస్కోవాసి
ముందు మీ అన్నయ్యను వాళ్ల కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ నిబంధనల పత్రం తీసి చదవమనండి. మా కాలనీలో ఇలాంటి ఇల్లు బండి, అంటే ఆర్‌వీ అయితే సామాను ఎక్కించి దించుకోవడానికి 48 గంటలు ఇస్తారు. ఆ తర్వాత ఉత్తరం వస్తుంది, ఆపైన జరిమానా. జరిమానా పడేది మీకు కాదు, ఇంటి యజమానికి. మీరు వెళ్లిపోయాక ఆ కాగితాలతో తిప్పలు పడేది ఆయన. ఇంకొకటి, హెచ్‌ఓఏ వేరు, నగర నిబంధనలు వేరు. ఒకరు సరే అన్నారని రెండోవారు ఊరుకోరు. అనుమతి ఇస్తే ఈమెయిల్‌లో తీసుకోండి, నోటిమాట నమ్మవద్దు.

సంచారి_రఘు
వాకిలి సంగతి మరచిపోండి. 32 అడుగుల ట్రైలరుకు ట్రక్కు కలిపితే 50 అడుగులకు దగ్గరవుతుంది. ఆ కొత్త కాలనీల్లో డ్రైవ్‌వేలు అందులో సగం కూడా ఉండవు. ట్రక్కు విప్పి పక్కన పెట్టినా ట్రైలర్ తోక కాలిబాట మీదికి వస్తుంది. పిల్లల బండ్లు, ముసలివాళ్ల నడక అన్నీ ఆగిపోతాయి. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడం న్యాయమే.

లావన్ సరస్సు, లూయిస్‌విల్ సరస్సు ఒడ్డున ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యం ఇంజనీరింగ్ విభాగం) పార్కులున్నాయి. వైలీ దగ్గర ఈస్ట్ ఫోర్క్ పార్కు వాటిలో ఒకటి. నీళ్లు, కరెంటు ఉంటాయి. ఫ్రిస్కోకు కారులో వెళ్లి రావచ్చు. రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ చేసుకోవాలి. ఒక సరస్సు దగ్గర 14 రోజులే ఉండనిస్తారు కాబట్టి సంక్రాంతి దాకా అంటే రెండు సరస్సుల దగ్గర ఒక్కో పార్కు చూసుకోండి. క్రిస్మస్ వారం ఇవాళే బుక్ చేయండి.

బాటసారి_శైలు
62 ఏళ్లు నిండినవారికి సగం ధర పాస్ ఉందంటారు కదా. నాన్న పేరు మీద తీసుకోవచ్చా?

సంచారి_రఘు
లేదండి. అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. సందర్శకులుగా వచ్చినవారికి వర్తించదు.

వోల్టులరాజు
పార్కే మంచిది. అయినా మధ్యలో ఒకటి రెండు రాత్రులు వాకిట్లో ఆపుతారేమో, కరెంటు లెక్క తెలుసుకుని వెళ్లండి.

ఇంట్లో మామూలు ప్లగ్గు 15 ఆంపియర్లు, 120 వోల్టులు. అంటే 1,800 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో 80 శాతం, 1,440 వాట్లు మించకూడదు. చిన్న గది హీటర్ ఒక్కటే 1,500 వాట్లు లాగుతుంది. దాన్ని సగం వేడి మీదే పెట్టుకోవాలి. అది నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్‌లో అన్నం పెడితే బ్రేకర్ పడుతుంది. ఆ గ్యారేజీ ప్లగ్గు మీదే మీ వదినగారి రెండో ఫ్రిజ్ కూడా ఉంటుంది. గ్యారేజీలో రెండో ఫ్రిజ్ లేని తెలుగువారి ఇల్లు నేను ఇంతవరకూ చూడలేదు. రాత్రి బ్రేకర్ పడి ఎవరూ చూడకపోతే పండుగకు రుబ్బిన పిండి, గోంగూర, చేపలు అన్నీ పోతాయి. ముందే అడిగి వేరే సర్క్యూట్ మీద పెట్టుకోండి.

తీగ 12 గేజ్ గాని, 10 గేజ్ గాని వాడండి. తోటలో వాడే సన్న తీగ వద్దు. అరగంట తర్వాత ప్లగ్గు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే వెంటనే తీసేయండి.

మీ అన్నయ్యకు ఎలక్ట్రిక్ కారు ఉందా?

బాటసారి_శైలు
ఉంది. ఎందుకు?

వోల్టులరాజు
గ్యారేజీలో దాని కోసం 14-50 అనే రకం ప్లగ్గు పెట్టించి ఉంటే, మన 50 ఆంపియర్ల ట్రైలర్ ప్లగ్గు కూడా అదే ఆకారం. కానీ కార్లకు న్యూట్రల్ తీగ అక్కర్లేదని కొందరు ఎలక్ట్రీషియన్లు దాన్ని కలపరు. మనకు న్యూట్రల్ లేకపోతే లోపలి సామాను కాలిపోతుంది. మీటరు పెట్టి చూశాకే తగిలించండి. మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి.

ఎవరైనా బంధువు ప్రేమగా "మీ కోసం 30 ఆంపియర్ల ప్లగ్గు పెట్టిస్తాం" అంటే, అది 120 వోల్టులదని కాగితం మీద రాసి ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వండి. బట్టల డ్రయ్యర్ ప్లగ్గు అనుకుని 240 ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఫ్రిస్కోవాసి
ఇది నాకు తెలియదు. మా బావమరిది వస్తున్నాడు, ఇవాళే మీటరు తెస్తాను.

కోనసీమ_పవన్
డాలస్‌లో ఏముంది చలి? లోపల రెండు హీటర్లు పెట్టుకుంటే హాయిగా గడిచిపోతుంది. ప్రొపేన్ ఖర్చు కూడా మిగులుతుంది.

మినసోటా_మంగ
పవన్ గారూ, అది నమ్మి గొట్టాలు పగిలినవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాం. కరెంటు హీటర్ మనుషులున్న గదిని వెచ్చబెడుతుంది. నీళ్ల గొట్టాలు, ట్యాంకులు ఉండేది ట్రైలర్ నేల కింద. చాలా ట్రైలర్లలో ప్రొపేన్ గ్యాసుతో నడిచే ఫర్నేస్ గాలి గొట్టం ఒక కొమ్మ ఆ అడుగుభాగానికి వెళ్తుంది. హీటర్ వల్ల గది వెచ్చగా ఉంటే థర్మోస్టాట్ ఫర్నేస్‌ను ఆన్ చేయదు. పైన మీరు చెమటలు కక్కుతుంటే కింద నీళ్లు గడ్డకడుతుంటాయి. 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువకు వెళ్లే రాత్రి హీటర్లు ఆపి ఫర్నేస్ నడవనివ్వాలి.

శైలు గారూ, డాలస్ రాత్రులకు ఇవి చాలు:

సాయంత్రమే మంచినీళ్ల ట్యాంకు నింపుకుని, బయటి గొట్టం విప్పి నీళ్లు కారబోసి లోపల పెట్టేయండి. రాత్రి పంపు మీద నడపండి. మురుగు గొట్టం వాల్వు మూసే ఉంచండి. తెరిచి ఉంచితే సన్నటి ధార గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి పొద్దునకు రాయవుతుంది. ట్యాంకు నిండాకే ఒక్కసారిగా వదలాలి. సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి, గది వేడి అక్కడికీ వెళ్తుంది.

ప్రొపేన్ లెక్క కూడా చెబుతాను. ఒక గ్యాలన్‌లో దాదాపు 91,500 బీటీయూల వేడి ఉంటుంది. గంటకు 30,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా నడిస్తే మూడు గంటలకు ఒక గ్యాలన్. 30 పౌండ్ల సిలిండర్‌లో ఏడు గ్యాలన్లు. మంచి చలిలో ఫర్నేస్ సగం సేపు నడుస్తుందనుకున్నా సిలిండర్ రెండు రోజులు కూడా రాదు. పండుగ రోజున నింపేవాళ్లు దొరకరు. ముందురోజే నింపించండి.

ఎడారిలో సోలార్ మీద ఉన్నారు కదా, బ్యాటరీలు లిథియమా?

బాటసారి_శైలు
అవును. ముందు అరలో ఉంటాయి, అది బయటివైపు.

మినసోటా_మంగ
లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 32 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా చెడుతుంది. వాడుకోవచ్చు, ఛార్జ్ చేయకూడదు. మీ బ్యాటరీలో చలికి ఛార్జింగ్ ఆపేసే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ అరలోకి కాస్త వేడి వెళ్లే మార్గం చేయాలి.

కోనసీమ_పవన్
అడుగుభాగం సంగతి నిజంగా కొత్త విషయం మంగ గారూ. మంచి మాట చెప్పారు.

అమ్మమ్మ_ఎడిసన్
తీగలూ గొట్టాలూ అన్నీ చెప్పుకున్నారు. ఆ తల్లి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

శైలూ, నేను మీ అమ్మ వయసుదాన్ని. నా కొడుకూ కోడలూ వ్యాన్‌లో ఉంటారు. మొదటిసారి పండుగకు వచ్చి మా వాకిట్లో ఆపుకుని అందులోనే పడుకున్నారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. లైటు ఆరిందా, లోపల వెచ్చగా ఉందా, తిన్నది చాలిందా అని కిటికీ దగ్గరకు వెళ్లడం, రావడం. పరువు గురించి కాదమ్మా. బయటికి పరువు అని అంటాం, లోపల ఉండేది భయం. బిడ్డకు ఇల్లు లేదేమో, మాకు చెప్పకుండా ఏదో కష్టం పడుతున్నారేమో అని. మన ఊళ్లలో ఇల్లు అమ్ముకున్నవాళ్లంటే చితికిపోయినవాళ్లే కదా. మీ అమ్మకు గుంటూరులో ఎందరు ఫోను చేసి అడిగి ఉంటారో నువ్వు ఊహించుకో.

మర్నాడు కోడలు నన్ను లోపలికి పిలిచింది. మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. వంటగది రెండు చేతులు చాపినంత. కందిపప్పు, చింతపండు, ఆవాలు, ఎండుమిరపకాయలు ఒకే సైజు డబ్బాల్లో పెట్టి, బండి కదిలినా దొర్లకుండా అర ముందు సాగే తాడు కట్టింది. వెంకటేశ్వరస్వామి పటం వెనక అయస్కాంతం. పొయ్యి మీద పప్పుచారు. నన్ను వాళ్ల మంచం మీద కూర్చోబెట్టి కంచం చేతికిచ్చింది. నేను ఆ రోజు నుంచి మళ్లీ ఒక్కసారి కూడా "లోపలికి వచ్చి పడుకోండి" అనలేదు.

నువ్వు మీ అమ్మకు ఫోనులో ఎన్ని కారణాలు చెప్పినా ఆమె చెవికి ఎక్కవు. ఆమెను ముందు నీ ఇంటికి పిలువు. దిగిన రోజే, అన్నయ్య ఇంట్లో నువ్వు తినకముందే, నీ చేత్తో ఆమెకు అన్నం పెట్టు.

సంచారి_రఘు
అమ్మమ్మగారూ, మా అమ్మకు ఇది చదివి వినిపిస్తాను.

పెద్దక్క_కమ్మింగ్
నేను అవతలి పక్షం. నా ఇంటికి ప్రతి ఏడాదీ మా మరిది కుటుంబం ఆర్‌వీతో వస్తుంది. అమ్మమ్మగారి మాట అందంగా ఉంది, కానీ వదిన గురించి కూడా ఆలోచించాలి. ఆ దుప్పటి ఫోటోలో ఉన్నది మామూలు విషయం కాదు. ఆవిడ అత్తామామలను ఆర్నెల్లుగా చూసుకుంటూ, మీ కోసం గది కూడా సర్దింది. దానికి "మాకు మా బండి ఉంది" అని జవాబిస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంకొకటి కూడా నిజం. బండిలో పడుకున్నా స్నానాలు మా ఇంట్లోనే, బట్టలు మా మెషీన్‌లోనే, వైఫై మాదే, తిండీ మాదే. పొద్దున్న ఏడింటికి తడి తువ్వాళ్లతో వరసగా లోపలికి వస్తారు. అతిథులు ఇంట్లో ఉంటే వేళలు తెలుస్తాయి. వాకిట్లో ఉంటే ఏ క్షణాన తలుపు తెరుచుకుంటుందో తెలియదు. ఒకటి రెండు రాత్రులు ఆ గదిలో పడుకోండి శైలు గారూ. ఏమీ పోదు.

సంచారి_రఘు
ఇక్కడ నేను ఒప్పుకోను. ఒక రాత్రి పడుకుంటే రెండో రాత్రి "నిన్న పడుకున్నారు కదా" అంటారు. పిల్ల నిద్ర చెడితే పండుగంతా చెడుతుంది. మొదటి రోజే గీత గీయాలి.

పెద్దక్క_కమ్మింగ్
గీతలు గీయడానికి అది ఆఫీసు కాదు, అన్నయ్య ఇల్లు.

గోదారిగట్టు_సుధ
మధ్యేమార్గం ఒకటి చెబుతాను. మేము మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు ఆ గది పగలు వాడుకుంటాం. మధ్యాహ్నం నడుం వాల్చడానికి, పిల్లలు ఆడుకోవడానికి, చీరలు మార్చుకోవడానికి. సర్దిన గది ఖాళీగా పడి ఉండదు, ఆవిడకూ తృప్తి. బట్టలు మాత్రం బయట లాండ్రీలో ఉతుక్కుంటాం, పెద్దక్కగారు చెప్పిన ఇబ్బంది నిజమైనదే. వెళ్లే ముందే "పొద్దున తొమ్మిదికి వస్తాం, రాత్రి భోజనాలయ్యాక వెళ్తాం" అని వేళ చెప్పేస్తే సగం గొడవ ఉండదు. వారానికి రెండు పూటలు వంట మాది.

పెద్దక్క_కమ్మింగ్
తొమ్మిదికి వస్తామని ముందే చెప్పే మరిది ఉంటే నాకూ అభ్యంతరం లేదు సుధ గారూ.

లెక్కల_మాస్టారు
ఎవరూ అడగని ప్రశ్న. ట్రైలర్ ఎందుకు లాక్కెళ్లాలి? క్వార్ట్‌జ్‌సైట్ నుంచి ఫ్రిస్కోకు 1,200 మైళ్లకు దగ్గర. లాగేటప్పుడు గ్యాలన్‌కు పది మైళ్లు వస్తే 120 గ్యాలన్ల డీజిల్, రానూపోనూ 240. ట్రైలర్ అక్కడే వదిలి ఫీనిక్స్ నుంచి విమానం ఎక్కితే రెండున్నర గంటలు.

బాటసారి_శైలు
క్రిస్మస్ వారం ముగ్గురికి టికెట్లు, కుక్కకు వసతి, అక్కడ కారు అద్దె కలిపి చూశాం మాస్టారూ. డీజిల్ కంటే తక్కువేమీ కాలేదు. పైగా మూడు వారాలు ఖాళీ ట్రైలర్ ఎడారిలో వదలడం మావారికి ఇష్టం లేదు.

లెక్కల_మాస్టారు
అయితే సరే. మూడు వారాలైతే లాక్కెళ్లడమే మేలు. నాలుగు రోజులకైతే విమానమే.

హ్యూస్టన్_మాధవి
రఘు గారూ పెద్దక్కగారూ వాదించుకుంటున్నారు కానీ, 2021 ఫిబ్రవరి టెక్సాస్ చలి గుర్తుందా? రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లో గోడల్లో గొట్టాలు పగిలాయి, లోపల ఊపిరి తీస్తే ఆవిరి కనబడేది. మా పక్కవీధిలో ఉండే చిన్నాన్న ఆర్‌వీ ఒక్కటే వెచ్చగా ఉంది. ప్రొపేన్ ఫర్నేస్, దాని ఫ్యాను తిప్పడానికి బ్యాటరీ, బ్యాటరీకి సోలార్. మా అత్తగారు, పిల్లలు, నేను అందరం అందులోనే పడుకున్నాం. ఎప్పుడూ "ఆ డబ్బా ఎందుకయ్యా" అనే మా అత్తగారు ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆ బండి గురించే చెబుతారు.

ఒక్క జాగ్రత్త. ఆ చలిలోనే హ్యూస్టన్‌లో కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాలు పోయాయి. గ్యారేజీలో కారు నడిపినవాళ్లు, లోపల జనరేటర్ పెట్టినవాళ్లు. ట్రైలర్‌లో అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి, తయారైన తేదీ వెనక ఉంటుంది, గడువు దాటితే మార్చండి. వంట పొయ్యిని వేడి కోసం వెలిగించకండి.

మినసోటా_మంగ
మాధవి గారి మాటకు తోడు: పొగ గొట్టం లేని ప్రొపేన్ హీటర్లు కాలేటప్పుడు నీటి ఆవిరి కూడా వదులుతాయి. దానికి మన వంట తోడైతే కిటికీలకు నీళ్లు కారతాయి, పరుపు కింద బూజు పడుతుంది. పండుగ వంటలు వదినగారి వంటింట్లో చేసుకోవడమే మేలు. తిరగమోత పెట్టినప్పుడు పైన వెంటు తెరవండి.

గోదారిగట్టు_సుధ
ఇడ్లీ పిండి చలిలో పొంగదు కదా అని అడిగేవాళ్లకు: ఫర్నేస్ గాలి వచ్చే జాలీకి ఒక అడుగు దూరంలో, గిన్నెకు తువ్వాలు చుట్టి పెట్టండి. తెల్లారేసరికి పొంగి మూత లేపుతుంది.

రహదారి_రాజ్యం
శైలు గారి దారి గురించి. 10వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి మీద ఎల్‌పాసో దాటి, పీకస్ వైపు 20 ఎక్కి డాలస్. చలికాలానికి ఇదే సరైన దారి. 40 మీద వెళ్తే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు, మంచు పడుతుంది.

న్యూ మెక్సికోలో లార్డ్స్‌బర్గ్ పక్కన ఎండిన చెరువు నేల ఉంది. గాలి లేస్తే ధూళికి ముందున్న లారీ కనబడదు. అలా అయితే రోడ్డు మీద ఆగకూడదు. పక్కకు వీలైనంత దూరం దిగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద కాలు తీసేయాలి. వెనక వచ్చేవాడు మీ లైట్లు చూసి రోడ్డు అటే ఉందనుకుని మీదికి వస్తాడు. వాన్ హార్న్ పరిసరాల్లో గాలి హెచ్చరిక ఉంటే ఆ పూట ఆగిపోండి, ఫిఫ్త్ వీల్‌కు పక్కగాలి మంచిది కాదు.

టెక్సాస్‌లో సియెర్రా బ్లాంకా దగ్గర తూర్పుకు వెళ్లే ప్రతి బండినీ సరిహద్దు గస్తీవాళ్లు ఆపి అడుగుతారు. మీరు పౌరులైతే ఒక్క ప్రశ్నతో పోతుంది. గ్రీన్‌కార్డు అయితే కార్డు దగ్గరుండాలి, 18 నిండినవారు వెంట ఉంచుకోవాలని చట్టమే ఉంది. తిరుగు ప్రయాణంలో అమ్మానాన్నలను ఎడారి చూపించడానికి తీసుకెళ్తే వాళ్ల పాస్‌పోర్టులు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 కాగితం చేతి సంచీలోనే ఉంచండి. సూట్‌కేసు అడుగున పెట్టవద్దు. ఇలాంటి తనిఖీలు ఆ పక్క రహదారుల మీద ఇంకా ఉన్నాయి.

బాటసారి_శైలు
అమ్మానాన్నలను తీసుకెళ్లాలనే ఉంది. వాళ్లు ట్రైలర్‌లో కూర్చుని రావచ్చా?

రహదారి_రాజ్యం
వద్దు. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదు. చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. అందరూ ట్రక్కులోనే, బెల్టులు పెట్టుకుని.

కొత్తఆశ_అజయ్
నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం ఇంటి నుంచే. మీ అందరి మాటలు చదివితే నాకూ ఇల్లు వదిలి బయలుదేరాలని ఉంది. చేయవచ్చా?

వీసా_వరుసలో
అజయ్ గారూ, ఆగండి. హెచ్-1బీ మీద మీరు పనిచేసే చోటు కాగితంలో రాసి ఉంటుంది. ఆ మహానగర ప్రాంతం దాటి వేరేచోట పనిచేస్తే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాలి. 2015లో సిమియో కేసు తీర్పు తర్వాత ఇది స్పష్టం. కొద్ది రోజుల పనికి మినహాయింపులు ఉన్నాయి కానీ నెలకో రాష్ట్రం తిరుగుతూ పనిచేయడానికి అవి సరిపోవు. చిరునామా మారిన పది రోజుల్లో ఏఆర్-11 అనే ఫారం కూడా ఇవ్వాలి. సెలవు పెట్టి తిరగడం వేరు, అందులో ఇబ్బంది లేదు. పూర్తికాలం అంటే మీ కంపెనీ లాయరుతో మాట్లాడకుండా ఒక్క అడుగు వేయకండి. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్నవాడిగా చెబుతున్నాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కొత్తఆశ_అజయ్
మనసు కాస్త నొచ్చుకుంది గానీ తెలియడం మంచిదైంది. డిసెంబరు సెలవుల్లో అద్దెకు తీసుకుని చూస్తాను.

బాటసారి_శైలు
నిన్న రాత్రి అమ్మమ్మగారి పోస్టు అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. చివరిదాకా వింది. "ఆవిడది ఏ ఊరు" అని అడిగింది. తర్వాత "మీ పొయ్యి మీద గుత్తి వంకాయ అవుతుందా" అంది. అవుతుందన్నాను.

ఇప్పుడు అనుకున్నది ఇది. క్రిస్మస్‌కు ముందు ఈస్ట్ ఫోర్క్‌లో చోటు దొరికింది. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం భోజనానికి అందరూ మా ట్రైలర్‌కే. వదినకు ఫోను చేసి గది విషయం మాట్లాడాను. పగలు ఆ గది మాదేనని, భోగి ముందురోజు రాత్రి మాత్రం పాపతో అక్కడే పడుకుంటానని చెప్పాను. తెల్లవారుజామున భోగి మంట వెనకవాకిట్లో చిన్న కుంపటిలో వేస్తారట, దానికి అందరం లేవాలి. రఘు గారికి నచ్చదేమో గానీ, వదిన గొంతులో తేడా నాకు తెలిసింది.

ఇంకో సందేహం. నాన్నకు మోకాళ్ల నొప్పి. ట్రైలర్ మెట్లు నిటారుగా ఉన్నాయి. ఒకటి రెండు రాత్రులు వాళ్లిద్దరూ మాతో ఉంటామన్నారు, స్నానాలు ఎలా?

సంచారి_రఘు
భోగికి మినహాయింపు ఇస్తున్నాను. కుంపటి పెద్దది చేయవద్దని చెప్పండి, అక్కడా హెచ్‌ఓఏ ఉంటుంది.

గోదారిగట్టు_సుధ
మొదటి మెట్టు కింద వెడల్పైన పీట వేసి, తలుపు పక్కన పొడవాటి పట్టుకమ్మీ బిగించండి. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని దిగమనండి. పై మంచం వద్దు, రాత్రిళ్లు బాత్రూముకు లేస్తారు. సోఫా పరిచి పడుకోబెట్టండి, దారిలో చిన్న లైటు వెలగనివ్వండి.

మినసోటా_మంగ
స్నానానికి బకెట్టూ చెంబూ. నిజంగా చెబుతున్నాను, ట్రైలరుకు అంతకంటే మంచి పద్ధతి లేదు. మన వేడినీళ్ల ట్యాంకు చాలావాటిలో ఆరు గ్యాలన్లే. షవరు కింద నిలబడితే మధ్యలో చల్లబడి పెద్దవాళ్లు వణుకుతారు. బకెట్టుకు నాలుగు గ్యాలన్లు, చన్నీళ్లు కలిపి పెట్టుకుంటే ఇద్దరికి వస్తుంది. మురుగు ట్యాంకు కూడా త్వరగా నిండదు. షవరు తొట్టిలో చిన్న ప్లాస్టిక్ స్టూలు వేయండి. అమెరికాలో పుట్టిన మా పిల్లలు కూడా ఇప్పుడు చెంబుతోనే.

అమ్మమ్మ_ఎడిసన్
శైలూ, గుత్తి వంకాయకు చిన్న వంకాయలు ఫ్రిస్కోలోనే కొనుక్కో, దారిలో దొరకవు. మాది భీమవరం అని మీ అమ్మకు చెప్పు.

తూర్పుతీరం_కిరణ్
ఇదే చర్చలో అడుగుతాను. మేము ఉత్తర వర్జీనియా నుంచి ఎడిసన్‌కు అత్తగారింటికి వెళ్తున్నాం, 24 అడుగుల ట్రైలర్, రెండు 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు. 95 మీద నేరుగా వెళ్లిపోవచ్చు కదా?

రహదారి_రాజ్యం
వెళ్లకండి. బాల్టిమోర్‌లో 95 మీద ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగం, 895 మీద హార్బర్ సొరంగం. రెండింటిలోకీ పది పౌండ్లకు మించిన సిలిండర్లను రానివ్వరు, వాల్వులు మూసినా సరే. ఇదివరకు 695 మీద కీ వంతెన ఎక్కి తప్పించుకునేవాళ్లం. అది 2024 మార్చి 26న ఓడ తగిలి కూలిపోయింది. పాత జీపీఎస్‌లు, పాత వీడియోలు ఇంకా ఆ వంతెనే చూపిస్తాయి, నమ్మవద్దు. 695 పడమటి వైపు నుంచి ఊరు చుట్టి మళ్లీ 95 ఎక్కండి. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం అయితే ఆ చుట్టు బాగా నిండుతుంది, పొద్దున్నే బయలుదేరండి.

తర్వాత డెలావేర్ మెమోరియల్ వంతెన దాటి న్యూజెర్సీ టర్న్‌పైక్, ఎడిసన్‌కు పదో ఎగ్జిట్. అక్కడి నుంచి న్యూయార్క్ చూడాలనిపిస్తే ట్రైలర్ అత్తగారి ఊళ్లోనే వదిలి రైల్లో వెళ్లండి. న్యూయార్క్ పార్క్‌వేల మీద వంతెనలు చాలా తక్కువ ఎత్తు, ట్రైలర్ పైకప్పు లేచిపోతుంది.

తూర్పుతీరం_కిరణ్
జీపీఎస్ ఇప్పుడే చూశాను, మీరన్నట్టే 95 మీదుగా సొరంగంలోకే చూపిస్తోంది. ఆర్‌వీ ఎత్తు, గ్యాసు వివరాలు పెడితే దారి మార్చింది. ఎడిసన్‌లో వాకిట్లో ఆపడానికి మామగారు టౌన్‌షిప్‌కు ఫోను చేస్తానన్నారు.